తల దించి గెలిచిన ఆట

ముందుగా ఒక మాట. కళ్ల ముందు నల్లటి దారప్పోగుల్లాంటివి తేలుతున్నా, పక్కనుంచి ఎవరో ఫోటో తీసినట్టు మెరుపులు కనిపిస్తున్నా, ఒక మూల నుంచి నీడ పరదాలా జరిగి వస్తున్నా, ఇది చదవడం ఇక్కడే ఆపి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేపు కాదు, ఇవాళే. మిగతాది తిరిగొచ్చాక చదువుకోవచ్చు. నేను అలా వెళ్లలేదు. నేను టీవీ తుడిచాను.

వానలకు ముందు

నా పేరు నరేశ్. సూరత్‌లో, లింబాయత్‌లో ఉంటాం. పల్సానాలో ఒక ప్రింటింగ్ మిల్లులో షేడ్ మ్యాచింగ్ నా పని. పార్టీ, అంటే సరుకు కొనేవాడు, ఒక గుడ్డముక్క చేతిలో పెట్టి సరిగ్గా ఇదే రంగు కావాలంటాడు. మా అద్దకం ఆ రంగుకు వచ్చిందా, ఒక పిసరు ఎరుపు ఎక్కిందా, పసుపు తగ్గిందా అని చూసి చెప్పాలి. దానికి మిషన్లు కూడా ఉన్నాయి గానీ, మా మాస్టరు అన్నీ అయ్యాక చివరికి నా మొహంలోకే చూస్తాడు. అంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా రెండు కళ్ల మీద.

ఇంట్లో ముగ్గురం. మా అమ్మ కనకవ్వ సిరిసిల్ల వైపు నుంచి నాన్నతో పాటు మగ్గాల పనికి వచ్చింది. నాన్న పోయాక ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పని చేస్తోంది. నా భార్య స్వప్న సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఇంట్లో కూర్చుని ఫోన్లో చీరలు అమ్ముతుంది. ఒక వాక్యాన్ని తెలుగులో ఎత్తుకుని, హిందీలో మలుపు తిప్పి, గుజరాతీలో దించుతుంది. నాలుగోది టీవీ కింద ఉండే సెకండ్ హ్యాండ్ గేమ్ డబ్బా. మా అమ్మ దాన్ని చూపించి, "గది నీ సవతి, బిడ్డా. జర పైలం" అని స్వప్నకు చెబుతూ ఉంటుంది.

ఆ డబ్బాలో నాకు ప్రాణమైన ఆట ఒకటుంది. పేరు చెప్పను. చెబితే నా కథ ఆగిపోయి దాని మీద వాదన మొదలవుతుంది. కూలిపోయిన ఒక రాజ్యం, కత్తి పట్టుకుని ఒంటరిగా తిరిగే ఒక వీరుడు, మలుపుకొకడుగా రాక్షసులు. పెళ్లికి ముందే దాన్ని ఒకసారి పూర్తి చేశాను. అయితే ఆటలో ఒక్కో ఘనకార్యానికి ఒక్కో ట్రోఫీ ఇస్తారు. ణింగ్ అని చిన్న చప్పుడు చేసి, తెర మీద ఒక బొమ్మ వెలుగుతుంది. అన్నీ సంపాదించినవాడికి చివర్లో బంగారు రంగుది ఒకటి వస్తుంది. నాకు సగం కూడా రాలేదు. నాది ఆరంభశూరత్వం అని ఇంట్లో పేరు. డిగ్రీ మధ్యలో ఆగింది, జిమ్ము మధ్యలో ఆగింది, గుజరాతీ చదవడం నేర్చుకుంటానని తెచ్చిన పుస్తకం ఇప్పుడు పప్పు డబ్బా కింద ఉంది. ఒక్కటైనా చివరిదాకా చేయాలనిపించి, ఆ ఎండాకాలం మొదటినుంచీ మళ్లీ ఆడటం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం తెర మీద కుడివైపు కింద మూల కొంచెం మసకగా ఉంది. తుడిచాను. పోలేదు. కొబ్బరినూనె చుక్క వేసి తుడిచాను. ఇంకా మసకైంది. వైరు మార్చాను. మర్నాటికి ఆ మసక పెరిగింది. ఆటకు కొత్త అప్‌డేట్ ఏదో వచ్చిందని, రాజ్యంలో చీకటి పెరుగుతోందని, కథ ఎంత బాగా రాశారో అని మెచ్చుకున్నాను కూడా. మిల్లులో అదే మూలలో గుడ్డ కూడా మసకగా ఉంటే, ట్యూబ్‌లైట్ మార్చమని మెయింటెనెన్స్ వాళ్లతో పోట్లాడాను.

స్వప్న చీర మడత పెడుతూ, "ఏయ్, ఒక్క కన్ను బంద్ చేసి చూడు," అంది.

కుడి కన్ను మూశాను. టీవీ కడిగిన అద్దంలా ఉంది. ఎడమ కన్ను మూశాను. వీరుడు నడుము వరకే ఉన్నాడు, కింద అంతా బూడిదరంగు పరదా. కంట్రోలర్ చేతిలోంచి జారి ఒళ్లో పడింది. నాకు అప్పుడు భయమేసింది.

ఆసుపత్రి

కళ్లాసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లలో సగం మందికి ఒక కన్ను కట్టేసి ఉంది. వాళ్లంతా మిగిలిన ఒక్క కంటితో ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. అమ్మ నా పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ హిందీలో నా కథ చెబుతోంది. ఆ కథలో తప్పు మొత్తం గేమ్ డబ్బాది. నా మరో పక్కన ఒక గుజరాతీ కాకా, మన బాబాయిలాంటి పెద్దాయన. ఆయనకూ నాలాగే కంట్లో పరదా వచ్చి, ఆపరేషన్ ముందే అయింది. పరీక్షకు వచ్చాడు. కాకా సంచిలోంచి ఖాక్రా, అప్పడంలాంటి కరకర రొట్టె, తీసి సగం నాకు విరిచి ఇచ్చి, "టెన్షన్ నహీ లేవానూ, భాయ్" అన్నాడు. దిగులు పడకు అని. తర్వాత అసలు రహస్యం హిందీలో చెవిలో చెప్పాడు. ఆపరేషన్ నొప్పి ఉండదట, తర్వాత బోర్లా పడుకోవడమే చావట. చాయ్ తాగడానికి వంగే స్ట్రా కొనుక్కోమన్నాడు, నిటారుగా ఉండేది పనికిరాదన్నాడు. నా మొత్తం వైద్యంలో అంత పనికొచ్చిన సలహా మరొకటి లేదు.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. తెలుగు వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను నోరు విప్పేలోపే, "గా ఆట ఆడి ఆడి గిట్లయింది గదమ్మా? జర గట్టిగ చెప్పుండ్రి వీనికి," అంది.

"ఆట వల్ల కాదండీ. ఈయన కళ్లజోడు పవర్ బాగా ఎక్కువ. ఇలాంటివాళ్లకి కంటి వెనక పొర పలచబడి ఊడొస్తుందండి, గోడ మీద కాగితం ఊడినట్టు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?"

"టీవీ తుడుస్తున్నా మేడమ్," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఊడిన పొరను తిరిగి అతికించి, అది కదలకుండా లోపల గ్యాస్ బుడగ పెడతారట. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి, అది కంటి వెనక గోడను అదిమి ఉంచాలంటే నేను తల దించుకునే ఉండాలి. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, బాత్‌రూముకు వెళ్లేటప్పుడు కూడా నేల చూపులే. బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదని కూడా చెప్పింది. నేను జీవితంలో విమానం ఎక్కలేదు గానీ, ఎక్కొద్దనేసరికి ఎంతో పోగొట్టుకున్నట్టు అనిపించింది.

"చూపు వస్తది గదమ్మా?" అమ్మ అడిగింది. గొంతులో ఇందాకటి పెత్తనం లేదు.

"పొర అతుక్కుంటే వస్తుందండి. అతుక్కోవడం సగం నా చేతిలో ఉంది, సగం ఆయన మెడలో ఉంది."

బోర్లా

ఆపరేషన్ సంగతి ఎక్కువ చెప్పను. నొప్పి లేదు, కాకా చెప్పినట్టే. ఇంటికి వచ్చాకే అసలు పరీక్ష మొదలైంది.

అమ్మ దగ్గర ఖాట్లా ఉంది. చీరను బిగించి రాళ్లు అంటించడానికి వాడే చెక్క చట్రం. నవ్వారు లేని చిన్న మంచంలా ఉంటుంది. పని ఆపేసి, దాని మీది చీర విప్పేసి, చీర బదులు రెండు తువ్వాళ్లను పట్టీల్లా బిగించింది. ఛాతీ దాకా పరుపు మీద, నుదురు ఒక పట్టీ మీద, గడ్డం ఒక పట్టీ మీద. మధ్యలో నా మొహం నేలను చూస్తూ. ఆసుపత్రివాళ్లు అద్దెకిస్తామన్న కుర్చీ కంటే ఇదే హాయిగా ఉంది. కాకపోతే అమ్మతో పాటు పనిచేసే ఆడవాళ్లు వచ్చినప్పుడు అలవాటు కొద్దీ చట్రం చుట్టూ కూర్చునేవారు. పక్కింటి లచ్చవ్వ ఒకరోజు నా వీపు మీద చెయ్యేసి, "ఏం కనకవ్వా, గీ పీసు ఎప్పుడు డెలివరీ?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే తల ఊగుతుందని స్వప్న అందరినీ కసిరింది.

నాకు మనుషులంటే పాదాలే అయిపోయారు. లచ్చవ్వ కాళ్లకు ఎప్పుడూ బంక మరకలు. స్వప్న కోపంలో ఉంటే బొటనవేలు పైకి లేస్తుంది. పెళ్లై ఇన్నేళ్లైనా ఇది నాకు తెలియదు. అమ్మ మడమలు మాత్రం చూడబుద్ధి కాలేదు. అన్ని పగుళ్లు ఎప్పుడు పడ్డాయో.

కంచం నేల మీద నా మొహం కిందికి జరిపేవారు. చాయ్ వంగే స్ట్రాతో. ఇదంతా భరించొచ్చు. భరించలేనిది ఖాళీ. చేతులకు పని లేదు, కళ్లకు పని లేదు. మెదడు మాత్రం ఆగకుండా ఒకటే తిప్పుతోంది: అతుక్కుందా, లేదా? రంగులు మళ్లీ కనిపిస్తాయా? ఎరుపులో ఎరుపు తేడా చెప్పలేనివాడిని మిల్లులో ఏం చేసుకుంటారు?

నా గోల పడలేక అమ్మే అంది. "నీ ఆట నేనాడుత. నువ్వు పండుకొని చెప్పు, ఎటు పోవాల్నో."

ఆ ఆట నాకు కంఠతా వచ్చు. చప్పుడు వింటే చాలు, వీరుడు ఎక్కడున్నాడో చెప్పగలను. సరేనన్నాను. అమ్మ కంట్రోలర్ పట్టుకుంది. మొదటి మలుపులోనే ఒక సైనికుడు గోడకు ఆనుకుని నిద్రపోతుంటాడు. వాణ్ణి కొట్టేసి ముందుకెళ్లాలి.

"కొట్టమ్మా."

"పండుకున్నోని కొడ్తర్రా?"

"వాడు లేస్తే నిన్ను చంపుతాడు."

"లేవనీ. లేసినంక మాట్లాడుదాం."

వాడు లేచాడు. మాట్లాడలేదు. తర్వాత దారిలో ఒక ముసలి వర్తకుడు కనిపిస్తే, వీరుడి దగ్గరున్న డబ్బంతా పెట్టి వాడి పనికిరాని దుప్పట్లు కొనేసింది, పాపం బోణీ కాలేదేమోనని. ఎలాగోలా వంతెన దాకా వచ్చాం. వంతెన మీద గొడ్డలి పట్టుకుని మొదటి పెద్ద రాక్షసుడు. వీరుడు వాడి దాకా వెళ్లనేలేదు. ముందు కుడివైపు పడ్డాడు. తర్వాత ఎడమవైపు పడ్డాడు. తర్వాత వెనక్కి పడ్డాడు. వంతెన మీంచి వెనక్కి ఎలా పడతారో నాకు అర్థం కాలేదు. "ఎడమకు దొర్లమ్మా, ఎడమకు!" అంటూ తల ఎత్తేశాను. అలా ఒక్కసారి కాదు. అరిచిన ప్రతిసారీ ఎత్తాను.

పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ చాలాసేపు కంట్లోకి లైటు వేసి చూసింది. తర్వాత లైటు ఆపి నెమ్మదిగా అడిగింది. "తల ఎత్తుతున్నారా?"

స్వప్న బొటనవేలు పైకి లేచింది.

"ఒక పక్క ఇంకా పూర్తిగా అతుక్కోలేదండి. ఇప్పుడు గానీ ఊడిందంటే మళ్లీ ఆపరేషన్ చేయాలి. అప్పుడు చూపు గురించి నేను మాటివ్వలేను. ఈ వారమే ముఖ్యం."

ఆటోలో ఇంటికి వస్తుంటే నేను మోకాళ్ల మధ్యకు తల దించుకుని కూర్చున్నాను. అమ్మ చెయ్యి నా మెడ మీద ఉంది, ఆటో గుంతలో పడ్డప్పుడల్లా గట్టిగా అదుముతూ.

గేమ్ డబ్బా వైరు స్వప్న పీకేసింది. తప్పు లేదు. కానీ ఆట లేకపోయేసరికి నేను ఇంకా అధ్వాన్నమయ్యాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఒకటే కొట్టుకోవడం. తలుపు చప్పుడైతే తల ఎత్తబోవడం, కుక్కర్ కూస్తే ఎత్తబోవడం. అత్తాకోడళ్లు వంటింట్లో గుసగుసలాడటం వినిపించింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పాదాలు టీవీ ముందుకు వచ్చాయి.

"మల్ల ఆడుదాంరా. పొద్దుగాల నువ్వు పండుకున్నప్పుడు స్వప్న నేర్పింది. గని ఒక షరతు. తల లేపినవంటె ఆట బంద్."

నాకు నమ్మకం లేదు. ఆట మొదలైంది. కంట్రోలర్ టకటకమంటోంది. నిద్రపోయే సైనికుణ్ణి ఒక్క వేటుకు లేపేసింది. వంతెన పాట మొదలవగానే నేను పట్టీలను గట్టిగా పట్టుకున్నాను. గొడ్డలి గాలిలో లేచిన చప్పుడు, వీరుడు దొర్లిన చప్పుడు, కత్తి దిగిన చప్పుడు. తర్వాత ఆ రాక్షసుడు కూలిన మోత. ఆ వెంటనే ణింగ్.

"అమ్మా!"

"తల దించు. సచ్చిండు తియ్."

ఇక చూసుకోండి. ఆ రోజు నుంచి మా అమ్మ ఆ రాజ్యాన్ని దున్నేసింది. నేను ఎటు వెళ్లాలో చెప్పేలోపే వీరుడు అటు వెళ్లిపోతున్నాడు. కొన్నిసార్లు నేను ఎడమ అంటే కుడికి వెళ్లేది. "నువ్వు చెప్పినట్టు చేసి ఏం గెలిచినం? నాకు తోచినట్టు చేస్తున్న" అనేది, గెలిచేది. రాక్షసులందరికీ తనే పేర్లు పెట్టింది. సింహాసనం మీద కూర్చుని, మనం దగ్గరకు వెళ్లేదాకా లేవని ముసలి రాజుకు సర్పంచి అని పేరు. ఒకదాని తర్వాత ఒకటి ణింగులు వినిపిస్తున్నాయి. రాళ్లు అంటించే వేళ్లు కదా, అంత చురుకు అందుకేననుకున్నాను. మిల్లు స్నేహితులకు స్వప్న ఫోన్లోంచి గొప్పలు చెప్పుకున్నాను. మా అమ్మ ముందు మీరంతా బచ్చాగాళ్లు అన్నాను. అన్నిటికంటే ముఖ్యం, నా మెడ కదల్లేదు. గెలుస్తున్నవాడికి తల ఎత్తి చూసే అవసరం ఏముంది?

ఒక్కసారి మాత్రం అనుమానం రావాల్సింది. పాముల గుహలో భీకరంగా పోరు సాగుతుండగా, సరిగ్గా పాము నోరు తెరిచిన క్షణంలో, ఎవడో హుషారుగా గుజరాతీలో, నది అవతల అమ్రోలిలో ఫ్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. వంటగది గ్రానైట్, పార్కింగ్ ఉచితం.

"ఏంటది?"

అమ్మ వేళ్ల టకటక ఆగింది. "బయట. మైకు పెట్టుకొని ఆటో పోతాంది."

"అమ్రోలి ఫ్లాట్లవాడు లింబాయత్ సందులోకి ఎందుకొచ్చాడు?"

"అమ్ముడు పోతలేవేమో. తల దించు."

నమ్మాను. లోపల బుడగ, బయట చట్రం, నోట్లో స్ట్రా. అలా ఉన్నవాడు ఏదైనా నమ్ముతాడు.

తల ఎత్తిన రోజు

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఈసారి తొందరగానే ఆపేసింది. "అతుక్కుందండి. చక్కగా అతుక్కుంది. ఇక తల ఎత్తొచ్చు."

నాకు ఎత్తడం రాలేదు. ఎత్తితే ఏమవుతుందోనని భయం. అమ్మ గడ్డం పట్టుకుని లేపింది. ముందుగా కనిపించింది ఆమె మొహమే. కుడి కంటికి మసకగా, కింద బుడగ గీత నీళ్ల మట్టంలా ఊగుతూ. కానీ ఆమె చీర ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ, కొద్దిగా నీలం కలిసినది. గట్టిగానే చెప్పాను, అక్కడున్నవాళ్లంతా తిరిగి చూసేలా. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను డాక్టరమ్మకు ఆట సంగతి కూడా చెప్పాను, మా అమ్మ ఎందరు రాక్షసుల్ని చంపిందో. ఆవిడ మొదటిసారి నవ్వింది. మా ఇద్దరి వెనక నిలబడి స్వప్న గోడను చూస్తోంది.

కాసేపు ఆడుకోవచ్చా అని అడిగితే డాక్టరమ్మ కొంచెం కొంచెం పరవాలేదంది. ఇంటికి రాగానే కంట్రోలర్ తీసుకున్నాను. వెలగలేదు. చార్జింగ్ పూర్తిగా అయిపోయి ఎన్నాళ్లయిందో. అప్పటికీ ఏమీ తట్టలేదు. వైరు పెట్టి డబ్బా ఆన్ చేసి ట్రోఫీల పేజీ తెరిచాను. ఆపరేషన్‌కు ముందు ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి. కొత్తది ఒక్కటే ఉంది. ఒకేచోట పదేపదే చచ్చినందుకు ఓదార్పుగా ఇచ్చేది. వంతెన దగ్గరిది.

వెనక్కి తిరిగాను. స్వప్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిందికి జారిపోతోంది. చివరికి తనే చెప్పింది. ఎవరో పరాయిదేశం కుర్రాడు ఆ ఆట మొత్తం ఆడి, ఒక్క మాట మాట్లాడకుండా, ప్రతి ట్రోఫీ తెచ్చుకుని ఇంటర్నెట్లో వీడియో పెట్టాడట. వీళ్లు టీవీలో పెడితే నేను ఇన్నాళ్లూ విన్నది అదే. మా అమ్మ చేతిలో ప్రాణం లేని కంట్రోలర్. ఊరికే టకటక. అమ్రోలి ఫ్లాట్లు వీడియో మధ్యలో వచ్చిన ప్రకటన.

"నా చెవిలో పువ్వులు పెట్టారా ఇద్దరూ?"

"పువ్వులు కాదు, ఫూల్‌మార్కెట్ ఆఖూ," అంది స్వప్న. పూల మార్కెట్ మొత్తమే పెట్టామని.

నాకు నవ్వు రాలేదు. చాలా కోపం వచ్చింది. ఎందుకంత కోపమంటే, ఆ ట్రోఫీలు నావనుకున్నాను కాబట్టి. నేను పడుకుని కూడా ఏదో పూర్తి చేస్తున్నాననుకున్నాను కాబట్టి. ఆ పూట అన్నం గోడ వైపు తిరిగి తిన్నాను. కంచాలు తీస్తూ అమ్మ, "నువ్వు తల దించితె సాలనుకున్నరా. గంతే," అంది.

తర్వాత స్వప్న చెప్పింది మిగతాది. పొద్దున నేను నిద్రలో ఉండగా అమ్మ ఆ రోజు వీడియోను ముందే ఒకసారి చప్పుడు లేకుండా చూసేదట. ఎక్కడ అరవాలి, ఎక్కడ వేళ్లు వేగంగా కొట్టాలి, ఎక్కడ "సచ్చిండు" అనాలి, అన్నీ గుర్తుపెట్టుకునేదట. రాక్షసులంటే భయంతో కొన్నిచోట్ల కళ్లు మూసుకునేదట, మళ్లీ వెనక్కి తిప్పించుకుని చూసేదట. చట్రం నా నుదుటి కింద ఉంది కాబట్టి ఆమె రాళ్ల పనీ ఆగిపోయింది. పని లేకుండా అమ్మ కూర్చోవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. సిగ్గేసింది. ఆ పగిలిన మడమలు గుర్తొచ్చాయి.

నవరాత్రి

చూపు ఒక్కసారిగా రాదు. నాలా తొందరపడేవాళ్లకు ఇది చెప్పాలి. బుడగ చిన్నదై, గోలీ అంత అయి, ఒకరోజు మాయమైంది. సరళరేఖలు కొన్నాళ్లు వంకరగా కనిపించాయి. చాయ్ కప్పులో కాకుండా కప్పు పక్కన పోసేవాణ్ణి. ఎంత దూరంలో ఏముందో రెండు కళ్లూ కలిసి ఇంకా తేల్చుకోలేకపోయేవి. మిల్లుకు వెళ్లిన మొదటిరోజు మాస్టరు రెండు రాణీ పింక్ ముక్కలు చేతిలో పెట్టి నా మొహంలోకి చూశాడు. కుడి కన్ను రంగులను ఒకసారి ఉతికినట్టు చూపిస్తుంది. ఎడమ కన్ను సరిగ్గా చెప్పింది. ఒకదాంట్లో నీలం ఎక్కువుందన్నాను. ఆయన వెళ్లి మిషన్‌లో చూసుకుని వచ్చి, లైటు వెలుగులో కుర్చీ వేయించాడు. అదే ఆయన పద్ధతి.

ఇంట్లో రోజూ కాసేపు ఆట. ఇప్పుడు నిజంగా. ఒక్కొక్క ట్రోఫీ నిజంగా. అమ్మ ఖాట్లా మీద చీర బిగించుకుని రాళ్లు అంటిస్తూనే టీవీ వైపు ఒక చూపు వేసేది. వీడియో మొత్తం బట్టీ పట్టింది కదా, నాకంటే ముందే చెప్పేసేది. "గా తలుపు వెనక ఒకడుంటడు." "గా పెట్టె తియ్యకు, గది కరుస్తది." పిల్లి ఇంటి ఎలుకల్ని లెక్కపెట్టినట్టు రాక్షసులందరి జాడా ఆమెకు తెలుసు.

చివరికి ఒక్కటి మిగిలింది. సర్పంచిని గాయాల మందు తాగకుండా ఓడించాలి.

"మందు తాగకుంటె ఎట్ల తగ్గుతదిరా?" అమ్మకు అదే అర్థం కాలేదు. "గిదేం పాడు పథ్యం?"

నా వల్ల కావట్లేదు. సర్పంచి కత్తి ఎత్తి, కొట్టినట్టే కొట్టి ఆపుతాడు. తర్వాత అసలు దెబ్బ వేస్తాడు. ఆ తేడా కంటితో పట్టాలి. నా కన్ను పట్టలేకపోతోంది. కత్తి దగ్గరగా ఉందో దూరంగా ఉందో తెలిసేలోపు చచ్చిపోతున్నాను. పక్క సందులో గర్బా పాటలు మోగుతున్నాయి. స్వప్న గర్బా ఆడటానికి గాగ్రా పరికిణీ వేసుకుని తయారై తలుపు దగ్గర నిలబడి ఉంది, ఇదయ్యాక వెళ్దామని. ఎన్నోసారో చచ్చాక నేను కంట్రోలర్ కింద పెట్టేశాను. ఇది కూడా మధ్యలోనే ఆగిపోతుందనుకున్నాను. ఆట గురించి కాదు నా బాధ. ఈ కన్ను ఇక ఇంతేనేమోనని. ఆ మాట పైకి అనేశాను.

అమ్మ చేతిలోని బంక ట్యూబు మూత పెట్టి, నా పక్కకు జరిగి కూర్చుంది. "కండ్లు మూసుకో."

"మూసుకుంటే ఎలా ఆడతానమ్మా?"

"నేనెట్ల ఆడిన? మూసుకో. నేను చెప్త."

మూసుకున్నాను. సర్పంచి పాట మొదలైంది. ఈసారి నేను చెప్పడం లేదు, వింటున్నాను.

"నడు... ఇంక జర నడు... ఆగు. కత్తి లేపిండు. గది ఉత్తదే, కదలకు... ఇగో, ఇప్పుడు దొర్లు! కొట్టు. ఒక్కటే కొట్టు, ఆశపడకు. ఎనక్కి రా."

దొర్లమంటే దొర్లాను, ఆగమంటే ఆగాను. నా బొటనవేళ్లు ఆమె గొంతుకు కట్టేసినట్టు కదిలాయి. ఒక్కసారి కూడా ఆమె తడబడలేదు. తలుపు దగ్గర స్వప్న గాగ్రా గలగల ఆగిపోయింది. ఆఖరి వేటుకు సర్పంచి కూలిన మోత వినిపించింది.

ణింగ్.

దాని వెనకే ఇంకోటి. నేను ఇన్నాళ్లూ వీడియోలో తప్ప వినని పెద్ద చప్పుడు. బంగారు రంగుది.

కళ్లు తెరవాల్సింది. తెరవలేకపోయాను, నీళ్లు నిండాయి. ఏడుపు కనిపించకూడదని, వారాల తరబడి చేసిన అలవాటు కదా, గబుక్కున తల దించేసుకున్నాను. గడ్డం ఛాతీకి ఆనించి, మెడ వంచి, నేల వైపుకు కళ్లు తెరిచాను. పగుళ్ల మడమలు, రాళ్ల మెరుపు అంటిన పాదాలు కనిపించాయి.

"కన్ను నలపకు," అంది అమ్మ. తర్వాత నా గడ్డం కింద చెయ్యి పెట్టింది. "తల దించుడు అయిపోయింది గదరా. ఇగ ఎత్తు."